పాత బట్టలకు కొత్త రూపు: ముందు బట్ట బలం, తర్వాతే అలంకారం

మీరు అడిగింది నాలుగు బట్టల గురించి. టీషర్టు మెడ పెద్దది చేసి కుడితే అలలు అలలుగా సాగిపోయింది. జీన్స్ మోకాలికి ఇస్త్రీతో అంటించిన అతుకు రెండో ఉతుకుకే లేచిపోయింది. వెలిసిన నూలు కుర్తా మీద వేసిన పూల రంగు నీళ్లలో కొట్టుకుపోయింది, పైగా ఆ కుర్తా ఇప్పుడు ఛాతీ దగ్గర బిగుతు. కాలరు అరిగిన చొక్కాను ఇంకా ముట్టుకోలేదు. వేర్వేరు సమస్యల్లా కనిపించినా చెడిపోయిన మూడింటికీ కారణం ఒకటే. బట్ట ఎలాంటిదో, ఏ స్థితిలో ఉందో చూడకముందే పైపని మొదలుపెట్టారు. కొత్త తాను నుంచి కోసిన బట్ట అంతటా ఒకే బలంతో ఉంటుంది. వాడిన బట్ట అలా ఉండదు. చంకల్లో, మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర, కూర్చునేచోట పోగులు పలచబడి ఉంటాయి, పోగుల మధ్య సబ్బు, సాఫ్టనర్ (బట్టలు మెత్తబరచడానికి ఉతుకులో వాడే ద్రవం) పేరుకుని ఉంటాయి. ఏ అలంకారమైనా నిలిచేది దాని కింద బట్ట నిలిచినన్నాళ్లే.

అందుకని పని వరుస ఇలా పెట్టుకోండి: ఉతకడం, బట్టను పరీక్షించడం, అవసరమైన కుట్లు విప్పడం, చిరుగులు బాగుచేయడం, కొలత సరిచేయడం, రంగు వేయడం, చివర్లో ఎంబ్రాయిడరీ, పూసలు. ఈ వరుసలో ముందుది వెనక్కి వెళ్తే మళ్లీ విప్పాల్సి వస్తుంది. పూసలు కుట్టాక పక్కకుట్టు వదులు చేయాలంటే సగం పూసలు ఊడదీయాలి. ఎంబ్రాయిడరీ అయ్యాక అద్దకం వేస్తే దారాలు కూడా రంగు తాగేస్తాయి.

ఉతికేటప్పుడు సాఫ్టనర్, గంజి వాడకండి. మీ రంగు కొట్టుకుపోవడానికీ, అతుకు లేవడానికీ ఇదీ ఒక కారణం కావొచ్చు. సాఫ్టనర్ పోగుల మీద మైనంలాంటి పొర వదులుతుంది, దాని మీద రంగూ పట్టదు, జిగురూ పట్టదు. నూలుబట్టయితే వేడినీళ్లలో మామూలు డిటర్జెంటుతో రెండుసార్లు ఉతికి బాగా జాడించండి. కొత్తగా కొన్న లేసు, పైపింగ్ (అంచును చుట్టే పట్టీ), అతుకు బట్ట, లైనింగ్ కూడా వాడేముందే ఉతికి ఆరేయండి. పాత కుర్తా కుంచించుకుపోవడం ఎప్పుడో అయిపోయింది. కొత్త నూలు లేసు ఇంకా కుంచించుకోలేదు. ఉతకకుండా కుడితే మొదటి ఉతుకులోనే లేసు దగ్గరపడి అంచంతా ముడుచుకుంటుంది.

ఆరాక బట్టను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. పలచబడినచోట వెలుతురు ఎక్కువగా దూరుతుంది. ఆ చోట చుట్టూ చాక్‌తో గీత గీయండి. తర్వాత రెండు బొటనవేళ్లు పక్కపక్కన పెట్టి బట్టను పడుగు (నిలువు పోగులు) వెంట ఒకసారి, పేక (అడ్డపోగులు) వెంట ఒకసారి గట్టిగా లాగండి. చిటపటమని పోగులు తెగిన చప్పుడు వస్తే ఆ బట్ట తొడుక్కునే వస్తువుగా ఇక పనికిరాదు. దాని గుండీలు, జిప్పు తీసుకుని మిగతాది దిండులో కూరడానికి వాడుకోండి. పాత పట్టుబట్టలో ఇలా చిట్లడం ముఖ్యంగా మడతల వెంట కనిపిస్తుంది. అది ఎంత అందంగా ఉన్నా దాని మీద బరువు పెట్టకూడదు. పట్టు అంచు వరకే గట్టిగా ఉంటే దాన్ని మాత్రం కత్తిరించి వెనక పలచని నూలుబట్ట వేసి వేరే బట్టకు చేత్తో కుట్టుకోవచ్చు.

బట్ట ఏ రకం పోగుదో తెలియకపోతే లోపలి కుట్టు మార్జిన్ నుంచి నాలుగైదు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, పింగాణీ పళ్లెం మీద కాల్చి చూడండి. పక్కన నీళ్లు ఉంచుకోండి. నూలు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద మిగులుస్తుంది. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తాయి, మిగిలిన నల్ల ముద్ద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండులా బిగుసుకుంటుంది. రంగు ఎంపిక, ఇస్త్రీ వేడి, బ్లీచ్ వాడొచ్చా లేదా అన్నది దీన్నిబట్టే తేలుతుంది కాబట్టి ఈ పరీక్ష దాటవేయకండి.

టీషర్టు మెడ

బనియన్ బట్ట అల్లిక బట్ట, పక్కకు బాగా సాగుతుంది. మిషన్ కింద పళ్లు అడుగు పొరను ముందుకు లాగుతాయి, పైనున్న ఫుట్ పై పొరను నొక్కి ఆపుతుంది. ఆ తేడాకు తోడు చేత్తో లాగుతూ కుడితే సాగిన బట్ట సాగినట్టే కుట్టులో ఇరుక్కుంటుంది. మీకు వచ్చిన అలలు అవే. సాదా కుట్టు వేసి ఉంటే తల దూర్చేటప్పుడు దారం కూడా తెగుతుంది, ఎందుకంటే బట్ట సాగుతుంది, ఆ కుట్టు సాగదు.

ముందు ఆ కుట్టంతా విప్పేయండి. టీషర్టును గోరువెచ్చని నీళ్లలో తడిపి, పిండి, పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేలాడదీయకండి. తర్వాత ఆవిరి ఇస్త్రీని బట్టకు తాకీ తాకనట్టు పట్టుకుని మెడ అంచును వేళ్లతో లోపలికి దగ్గర చేయండి. చాలావరకు వెనక్కి వస్తుంది. ఇప్పుడు మెడకు పట్టీ కుట్టాలి. మెడ చుట్టుకొలతను కుట్టు వచ్చే గీత మీద కొలవండి. పట్టీ పొడవు అందులో 85 శాతం ఉండాలి, కుట్టుకు 2 సెం.మీ. కలపండి. ఉదాహరణకు మెడ 60 సెం.మీ. అయితే పట్టీ 51, కుట్టుతో కలిపి 53 సెం.మీ. వెడల్పు 6 సెం.మీ. తీసుకుంటే మడిచి కుట్టాక 2 సెం.మీ. పట్టీ బయటికి కనిపిస్తుంది. బట్ట ఎటు ఎక్కువ సాగుతుందో ఆ దిశ పట్టీ పొడవు వెంట రావాలి. ఈ పట్టీని ఇంకో పాత టీషర్టు అడుగు భాగం నుంచి తీసుకోవచ్చు, అక్కడ బట్ట అంతగా అరగదు.

పట్టీని గుండ్రంగా కలిపి, మడిచి, నాలుగు సమభాగాలుగా గుర్తు పెట్టండి. మెడను కూడా నాలుగు భాగాలు చేయండి. భుజం కుట్లు సరిగ్గా ఆ గుర్తుల దగ్గర పడవని గుర్తుంచుకోండి, ముందు మెడ ఎప్పుడూ వెనక మెడకంటే పొడవు. గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు పెట్టి, పట్టీని పైన ఉంచి, పట్టీని మాత్రమే లాగుతూ కుట్టండి. మెడ బట్టను లాగొద్దు. సూది మొన గుండ్రంగా ఉన్న బాల్‌పాయింట్ రకం, 75 లేదా 80 నంబరు. మామూలు సూది అల్లిక పోగును కోసేస్తుంది, రెండు ఉతుకుల తర్వాత కుట్టు పక్కన చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. కుట్టు సన్నని జిగ్‌జాగ్: వెడల్పు 1 మి.మీ., పొడవు 2.5 నుంచి 3. ఫుట్ ఒత్తిడి తగ్గించే మర మీ మిషన్‌కు ఉంటే తగ్గించండి. లేకపోతే అడుగున పలచని కాగితం పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి.

జీన్స్ మోకాలు

ఇస్త్రీతో అంటించే అతుకు ఒంటరిగా మోకాలి దగ్గర నిలవదు. మోకాలు రోజంతా వంగుతుంది, ప్రతి వంపుకూ జిగురు పొర విరుగుతుంది. అది తాత్కాలికంగా పట్టి ఉంచడానికి పనికొస్తుంది, బరువు మోయాల్సింది కుట్టు. ఇంకో పొరపాటు కూడా జరిగి ఉండొచ్చు. ఇస్త్రీ పెట్టెను మామూలుగా రుద్దినట్టు జరిపితే జిగురు సరిగా కరగదు. ఒక్కోచోట 10 నుంచి 15 సెకన్లు కదపకుండా నొక్కి, ఎత్తి, పక్కచోట నొక్కాలి, చల్లారేదాకా కదిలించకూడదు.

ఆ పాత జిగురును ఇస్త్రీ వేడితో మెత్తబరిచి, పైన పాత గుడ్డ పెట్టి నొక్కి తీస్తే చాలావరకు గుడ్డకు అంటుకుని వస్తుంది. తర్వాత ప్యాంటు కాలు తెరవాలి, ఎందుకంటే మూసిన గొట్టంలో మోకాలి దగ్గరికి మిషనూ పోదు, చేయీ సరిగా ఆడదు. చాలా జీన్స్‌లో లోపలి వైపు కుట్టు రెండు వరుసలతో మడిచి కుట్టి ఉంటుంది, బయటి వైపు సాదా కుట్టు. విప్పడానికీ, మళ్లీ కుట్టడానికీ సాదా కుట్టున్న వైపే తేలిక. చిరుగుకు పైన 12, కింద 12 సెం.మీ. దాకా విప్పితే చాలు.

అతుకు లోపలి నుంచి వేయండి. కొలత చిరుగును చూసి తీసుకోకండి, చిరుగు చుట్టూ పలచబడిన భాగాన్ని చూసి తీసుకోండి. మీరు వెలుతురులో గీసిన చాక్ గీత ఇక్కడే అక్కరకొస్తుంది. ఆ గీతకు అన్ని వైపులా ఇంకో 3 సెం.మీ. కలిపి కత్తిరించాలి. అతుకు అంచు బలమైన బట్ట మీద ఆనకపోతే చిరుగు అతుకు పక్కనే మళ్లీ మొదలవుతుంది. అతుకు బట్ట జీన్స్ కంటే మందంగా ఉన్నా అదే గతి. సాగే జీన్స్‌కు సాగే జీన్స్ ముక్కే వేయండి, పడుగు కాలి పొడవు వెంట ఉండేలా పెట్టండి. మూలలు గుండ్రంగా కత్తిరించండి, కోసుగా ఉన్న మూలే ముందు లేస్తుంది.

ఇప్పుడు ఇదే అలంకారం కూడా అయ్యే చోటు. కచ్చా కుట్టుతో (తర్వాత తీసేసే తాత్కాలిక కుట్టు) అతుకును నిలిపి, పైనుంచి మందపాటి నూలు దారంతో 5 మి.మీ. ఎడంలో సమాంతర వరుసలుగా పరుగుకుట్టు వేయండి. ఒక్కో కుట్టు 3 నుంచి 4 మి.మీ. వరుసలు చాక్‌తో ముందే గీసుకుంటే పని అందంగా వస్తుంది. వరుస చివర తిరిగేటప్పుడు వెనకవైపు దారాన్ని బిగించకుండా చిన్న ఉచ్చులా వదలండి. కొత్తగా చేసేవాళ్లు చాలామంది ఇక్కడ దారం లాగి బిగిస్తారు, తొడుక్కుని కూర్చోగానే మోకాలు ముడతలు పడి కుట్లు పటపటా తెగుతాయి. ప్రతి నాలుగైదు కుట్లకు ఒకసారి బట్టను వరుస వెంట వేళ్లతో సాఫీ చేయండి. నీలి బట్ట మీద తెల్ల దారం ఎప్పుడూ బాగుంటుంది. ఎర్ర దారం వాడాలనుకుంటే ముందు తడి తెల్లగుడ్డలో నొక్కి రంగు దిగుతుందేమో చూడండి. చిరుగు చుట్టూ వేలాడే తెల్ల పోగులను కత్తిరించకుండా వరుసల కింద అణచి కుట్టేస్తే అతుకు ఇంకా గట్టిపడుతుంది.

కాలు తిరిగి మూసేటప్పుడు 100 నంబరు సూది, 3 మి.మీ. కుట్టు. మందపు మడత మీదకు వచ్చేసరికి ఫుట్ ముందు లేచి వెనక వంగి మిషన్ ఆగిపోతుంది. అక్కడ ఫుట్ వెనక భాగం కింద, అదే ఎత్తుకు మడిచిన అట్టముక్క పెట్టండి. చక్రం చేత్తో తిప్పుతూ దాటించండి.

కుర్తా: వదులు చేయడం, అద్దకం, పూలు

దీంట్లో ముందు కొలత. మొత్తం ఎంత వదులు కావాలో తేల్చుకోండి. 6 సెం.మీ. అనుకుంటే ఒక్కో పక్కకు 3. పక్కకుట్టు విప్పి పాత కుట్టు గీత మీదే మళ్లీ కుడతారు కాబట్టి చేర్చే పట్టీ వెడల్పు 3 సెం.మీ., రెండు వైపులా కుట్టుకు 1 చొప్పున కలిపి 5 సెం.మీ. పట్టీని చంక దగ్గర ఆపేస్తే ఆ కొసన బట్ట లాగి చిరుగుతుంది. అందుకే చేతి కింద కుట్టు కూడా విప్పి పట్టీని చేతి అంచు దాకా ఒకే ముక్కగా తీసుకెళ్లండి. చేతులు కూడా వదులవుతాయి, ఛాతీ దగ్గర బిగిసిన కుర్తాకు సాధారణంగా అదీ అవసరమే. పక్క చీలిక ఉంటే అది మొదలయ్యే చోట పట్టీ కింది అంచు మడిచి, రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకీ కుట్టి గట్టి చేయండి. పట్టీకి కుర్తా రంగే దొరకాలని వెతకకండి. వెలిసిన రంగుకు సరిజోడు దొరకదు, దగ్గరి రంగు వేస్తే పొరపాటున పడిన ముక్కలా కనిపిస్తుంది. స్పష్టంగా వేరే రంగు లేదా గళ్ల బట్ట వేసి, అదే బట్టతో మెడకు పైపింగ్ చేస్తే కావాలని చేసినట్టు ఉంటుంది.

మెడ కూడా మార్చేటట్టయితే ఒక్క సంగతి. పైపింగ్ అంచును చుట్టేస్తుంది కాబట్టి మెడ ఎక్కడ కావాలో అక్కడే కత్తిరించాలి. లోపలికి తిప్పి కుట్టే పట్టీ అయితే 1 సెం.మీ. కుట్టులో పోతుంది, మెడ చుట్టూ అంత పెద్దదవుతుంది, అందుకని గీసిన గీతకు 1 సెం.మీ. లోపల, అంటే మెడకు దగ్గరగా కత్తిరించాలి. కత్తిరించిన వెంటనే అంచుకు 8 మి.మీ. దూరంలో 2 మి.మీ. పొట్టి కుట్టు ఒక వరుస వేసేయండి. అది మెడను సాగకుండా పట్టి ఉంచుతుంది. పైపింగ్‌కు క్రాస్ పట్టీ సరిగ్గా 45 డిగ్రీల కోణంలో, 4 సెం.మీ. వెడల్పున. నేరు పోగు పట్టీ వంపులో కూర్చోదు, ముడతలు పడుతుంది.

తర్వాత అద్దకం. చేర్చిన పట్టీ, పైపింగ్ నూలువైతే అవి కూడా ఈ రంగు తాగుతాయని గుర్తుంచుకోండి. నూలుబట్టకు చన్నీళ్లలో పనిచేసే రకం రియాక్టివ్ రంగు మంచిది, వేడి చేయకుండానే పోగుతో కలిసిపోతుంది. అర కిలో పొడి బట్టకు 10 లీటర్ల నీళ్లు, అర కిలో ఉప్పు, 80 నుంచి 100 గ్రాముల సోడా యాష్ (సోడియం కార్బొనేట్), రంగు 10 నుంచి 20 గ్రాములు, ముదురు రంగుకు 30 దాకా. బట్టను తడిపి ఉప్పు, రంగు కలిపిన నీళ్లలో 20 నిమిషాలు కదుపుతూ ఉంచి, పక్కకు తీసి, విడిగా నీళ్లలో కరిగించిన సోడా యాష్‌ను కలిపి, మళ్లీ బట్ట వేసి ఒక గంట తిప్పుతూ ఉండండి. సోడా నీళ్లు నేరుగా బట్ట మీద పోస్తే అక్కడ మచ్చ పడుతుంది. తిప్పడం మానినా మచ్చలే. చివర చన్నీళ్లతో, తర్వాత వేడి సబ్బునీళ్లతో రంగు దిగడం ఆగేదాకా జాడించండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్ ఉండాలి, వంటకు వాడే గిన్నెలు వద్దు.

అద్దకం నుంచి ఏం ఆశించాలో ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు. కొత్త రంగు పాత రంగును కప్పదు, దానితో కలుస్తుంది. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ వస్తుంది. నూనె మరక మరకలాగే మిగులుతుంది. జేబు ఊడదీసినచోట ముదురు చదరం ఉంటే అది కూడా తేలుతూనే ఉంటుంది, దాని మీద కొత్త జేబో అతుకు పువ్వో వేయడమే మేలు. కుట్టు దారం పాలిస్టర్ అయితే రంగు తాగదు, కుట్లన్నీ పాత రంగులో గీతల్లా కనిపిస్తాయి. సోడా యాష్ పట్టుకూ, ఉన్నికీ చేటు, వాటికి వేరే రకం రంగులు ఉన్నాయి. బ్లీచ్‌తో రంగు తీయాలనుకుంటే నూలుకు మాత్రమే. పట్టును, ఉన్నిని, సాగే పోగును అది తినేస్తుంది. బ్లీచ్ పెట్టిన బట్టను ఉత్త నీళ్లతో జాడిస్తే సరిపోదు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పదింతలు నీళ్లలో కలిపి అందులో కాసేపు నాననిస్తేనే దాని పని ఆగుతుంది. బ్లీచ్‌లో వెనిగర్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

పూల రంగు సంగతికి వస్తే, మామూలు యాక్రిలిక్ రంగు వాడి ఉంటే అది పైపైన పొరలా ఎండి రాలిపోతుంది. ఫ్యాబ్రిక్ రంగు తీసుకోండి, లేదా యాక్రిలిక్‌లో ఫ్యాబ్రిక్ మీడియం (రంగు బట్టకు పట్టేలా చేసే ద్రవం) కలపండి. కుర్తా రెండు పొరల మధ్య అట్ట పెట్టండి. ఆకారం కత్తిరించిన అట్ట, అంటే స్టెన్సిల్‌తో వేసేటప్పుడు బ్రష్‌కు రంగు తక్కువగా తీసుకుని నిలువుగా అద్దాలి. అటూ ఇటూ పూస్తే స్టెన్సిల్ అంచు కిందకు పాకుతుంది. నీళ్లు ఎక్కువైనా అంతే. 24 గంటలు ఆరనిచ్చి, బట్టను తిరగేసి, పైన నూలుగుడ్డ పరిచి, ఆవిరి లేకుండా నూలుబట్ట వేడిలో ఒక్కోచోట 3 నుంచి 5 నిమిషాలు, పెట్టెను మెల్లగా కదుపుతూ ఇస్త్రీ చేయండి. రంగు డబ్బా మీద వేరే సమయం రాసి ఉంటే దాన్నే పాటించండి. మొదటి ఉతుకు కనీసం 3 రోజుల తర్వాత.

చొక్కా కాలరు

మీరు ముట్టుకోని ఈ చొక్కానే అన్నిటికంటే సులువుగా బాగుపడేది. కాలరు మెడ వెనక మడతలో పైవైపే అరుగుతుంది, కిందివైపు కొత్తగా ఉంటుంది. దాన్ని తిప్పి కుడితే చాలు. కాలరు పట్టీకి (మెడ చుట్టూ నిలబడే భాగం) చొక్కాకు మధ్య కుట్టును ముట్టుకోకుండా, పైకాలరుకూ ఆ పట్టీకీ మధ్య కుట్టు మాత్రమే, కుట్లు విప్పే పనిముట్టు అయిన రిప్పర్‌తో విప్పండి. విప్పేముందు కాలరు మధ్యనూ, రెండు చివరలనూ రంగుదారంతో గుర్తు పెట్టుకోండి. బయటికి వచ్చిన కాలరు అరిగినచోట లోపలినుంచి పలచని ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే బట్ట) ముక్క పెట్టి, దగ్గర దగ్గర జిగ్‌జాగ్ వరుసలు వేయండి. తిరగేసి, గుర్తులు కలిపి, ముందు కచ్చా కుట్టు, తర్వాత పాత సూది రంధ్రాల వెంటే మిషన్ కుట్టు. లోపల పుల్ల దూర్చే సంచి ఉన్న కాలరు తిప్పడానికి కుదరదు, ఆ సంచులు తప్పు వైపుకు వస్తాయి. అలాంటప్పుడు పైకాలరును పూర్తిగా తీసేసి పట్టీ నోరు మూసి కుడితే చైనీస్ కాలరు చొక్కా అవుతుంది.

ఎంబ్రాయిడరీ, పూసలు

ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులుగా ఉంటుంది. నూలు చొక్కా, కుర్తా మీద రెండు మూడు పోగులు చాలు. పొడవు 45 సెం.మీ. మించితే బట్టలోంచి లాగి లాగి దారం నూగు లేస్తుంది. సన్న గీతలకు కాడకుట్టు, నింపడానికి గొలుసుకుట్టు, అతుకు పువ్వుల అంచుకు కాజాకుట్టు. వెనకవైపు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు 2 సెం.మీ. కంటే ఎక్కువ దూరం దారం లాక్కెళ్లకండి, తొడుక్కునేటప్పుడు వేలు తగిలి కుట్టు ఊడుతుంది. టీషర్టు మీద చేయాలనుకుంటే వెనక పలచని ఫ్యూజింగ్ తప్పనిసరి, రింగులో బిగించేటప్పుడు బట్టను సాగదీయకండి. సాగదీసి కుడితే రింగు తీయగానే పువ్వు చుట్టూ బట్ట కుచ్చులా ముడుచుకుంటుంది.

పూసలూ చమ్కీలూ బరువు. మెడ చుట్టూ వేస్తే వెనక నూలు వాయిల్ (పలచని బట్ట) పట్టీ ఒకటి వేసి రెండు పొరల్నీ కలిపి కుట్టండి. దారం గట్టి పాలిస్టర్, ఒక్కో పూసలో రెండుసార్లు దూర్చి, ప్రతి నాలుగైదు పూసలకు వెనక ముడి వేయండి. ఒకచోట తెగితే ఆ నాలుగైదే పోతాయి. చంక కింద, సంచి పట్టీ రాసుకునే భుజం మీద, కూర్చునేచోట పూసలు పెట్టకండి. జిగురుతో అంటించే రాళ్లు ఉతుకుల్లో ఊడే అవకాశం ఉంది.

ఇవన్నీ అయ్యాక మొదటి ఉతుకు చేత్తో, చన్నీళ్లలో, బట్ట తిరగేసి, విడిగా. దండెం మీద భుజాల దగ్గర క్లిప్పులు పెట్టకుండా నీడలో ఆరేయండి. ఆరాక పైవైపు కాకుండా లోపలి వైపు చూడండి. దారం వదులైనచోట్లు, లేవబోతున్న అతుకు అంచు అక్కడే ముందు బయటపడతాయి, నాలుగు చేతికుట్లతో అప్పుడే ఆపేయొచ్చు.